మండలం రోజులు పసరు తాగి చూద్దామా, డాక్టర్ గారూ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కడుపులోని పెద్ద జబ్బులకు నాటుమందు వాడొచ్చా అని అడిగినవే ఎక్కువ. మొదటి ఉత్తరం చదివాక మిగతా విషయాలన్నీ వచ్చే నెలకు పక్కన పెట్టాను. ఆ ఉత్తరం రాసిన అమ్మాయికి మాత్రం పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే జవాబు రాసి పంపాను. ఇక్కడ వేస్తున్నది అదే.

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. చిత్తూరు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. నెలన్నర కిందట కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, ఒళ్లంతా దురద. కామెర్లే కదా అని రెండు వారాలు పసరు తాగించాం. తగ్గకపోతే స్కాన్ తీయించాం. క్లోమం తలభాగంలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. ఎక్కడికీ పాకలేదు, ఆపరేషన్ చేయొచ్చు, ఆలస్యం చేయొద్దు అన్నారు. మా చిన్నాయన వాళ్లేమో కత్తి పడితే పాకుతుంది, ఒక పల్లెలో ఒకాయన మండలం రోజులు పసరు, పత్యంతో ఎందరికో నయం చేశాడు అంటున్నారు. ముందు అది చూసి, తగ్గకపోతే ఆపరేషన్‌కు పోదామని నాయన కూడా అటే మొగ్గుతున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి? (ఒక కూతురు, చిత్తూరు)

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. తోటలో చెట్టుకు తెగులొచ్చినా ముందు చిన్న ఖర్చుతో పోతుందేమో చూసి, తర్వాతే పెద్ద ఖర్చుకు పోతాం కదా. కానీ ఈ జబ్బు మండలం రోజులు గట్టు మీద కూర్చుని మన కోసం ఎదురుచూడదు. ఆయనకు అర్థమయ్యేలా మీరు చెప్పాల్సింది ముఖ్యంగా ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

క్లోమం కడుపు వెనకాల, వెన్నెముకకు ఆనుకున్నట్టు అడ్డంగా ఉంటుంది. దాని తలభాగం చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉంటుంది. లివర్ నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం ఆ తలలోంచే పోతుంది. అక్కడ చిన్న గడ్డ లేచినా గొట్టం నొక్కుకుపోయి, పేగులోకి దిగాల్సిన పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాషన్‌లా రావడం, మలం సున్నం కలిపినట్టు తెల్లగా పోవడం, రాత్రిళ్లు దురద, అన్నీ అందుకే. ఇవి లివర్ చెడిపోయి వచ్చిన కామెర్లు కావు కాబట్టి లివర్‌కు బలమిచ్చే మందు ఎంత పోసినా ఆ గొట్టం తెరుచుకోదు. కాలవకు అడ్డంగా బండ పడితే మోటారు ఎంత పెద్దదైనా మడిలోకి నీళ్లు రావు కదా.

ఇంత కష్టంలోనూ మీ ఇంటికి ఒక మంచి జరిగింది, అది మీవాళ్లు గమనించినట్టు లేదు. క్లోమం క్యాన్సర్ అని తేలే పదిమందిలో ఒకరిద్దరికే, ఇంకా ఆపరేషన్‌కు వీలున్న దశలో బయటపడుతుంది. గడ్డ క్లోమం తోకభాగంలో ఉంటే కళ్లు పచ్చబడవు, తెలిసేసరికి లివర్‌కు పాకి ఉంటుంది. మీ నాన్నగారు ఆ ఒకరిద్దరిలో ఉన్నారు. గడ్డను ఆనుకునే పేగులకు రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. గడ్డ కాస్త పెరిగి వాటిని చుట్టుకుంటే చాలు, సర్జన్ చేతులెత్తేయాల్సి వస్తుంది. నాలుగు వారాలు దాటిన స్కాన్ ఉంటే మళ్లీ తీయించమంటాం, ఎందుకో ఇప్పుడు మీకు తెలుస్తుంది. మండలం అంటే నలభై రోజుల పైనే. ఇప్పటికే రెండు వారాలు పోయాయి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా పెదనాన్నకు ఇలాగే జరిగింది. మాది పలమనేరు వైపు. సెలవుకు ఇంటికి పోతే ఆయన వసారాలో కూర్చుని చెక్క దువ్వెనతో వీపు గోక్కుంటున్నాడు, తెల్ల పంచె మీద పసుపు మరకలు. ఒళ్లు వేడి చేసిందని మా పెద్దమ్మ చెప్పింది. కిటికీలో లీటరు నీళ్ల సీసా, అడుగున ఆకుపచ్చటి మడ్డి, మూతకు గుడ్డ ముక్క. దాని మీద పేరు లేదు, అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు, తెల్లవారుజామున పరగడుపున తూర్పు ముఖంగా తాగాలని మాత్రం తెలుసు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి అన్నం, పలచటి మజ్జిగ. నాకు అనుమానం వచ్చింది. నొప్పి లేని కామెర్లు అంటే ఏమిటో అప్పటికే క్లాసులో విన్నాను. కానీ ఇంట్లో అంత పెద్దాయన, ఆయన నిర్ణయం, నేను నోరెత్తలేదు. మండలం పూర్తయ్యాక వేలూరు తీసుకెళ్లారు, అప్పటికి పన్నెండు కిలోలు తగ్గాడు, లివర్‌లో మచ్చలు కనిపించాయి, అంటే జబ్బు అక్కడికి పాకింది. ముందే వెళ్లి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. అడిగి చూసే అవకాశం మాత్రం ఆ సీసాలోనే పోయింది. అందుకే మీ ఉత్తరం చదివి ఆ రోజే కూర్చుని రాస్తున్నాను.

ఇక కత్తి పడితే పాకుతుందన్న మాట. ఇది గాలిలోంచి పుట్టలేదు. సీటీ స్కాన్లు లేని కాలంలో కడుపు కోస్తే గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. కోసి చూస్తే అప్పటికే అంతా పాకి ఉండేది, చేసేదేమీ లేక కుట్టేసేవాళ్లు, రోగి రెండు మూడు నెలల్లో పోయేవాడు. ఊరివాళ్లకు కనిపించింది కత్తి, తర్వాత చావు. ఇప్పుడు పాకిందో లేదో చాలావరకు ముందే స్కాన్‌లో చూసుకుంటాం, పాకితే అసలు ఆ ఆపరేషన్ జోలికే పోం.

పుత్తూరు కట్టు సంగతి కూడా మీ చిన్నాన్న ఎత్తుతారు. మన జిల్లాలో ఎవరింట్లోనైనా ఒకరు ఆ కట్టు కట్టించుకున్నవాళ్లు ఉంటారు. కదలకుండా కడితే విరిగిన ఎముక తనంతట తానే అతుక్కునే గుణం ఒంటికి ఉంది, కట్టు దానికి వీలు కల్పిస్తుంది. క్లోమంలో గడ్డకు తనంతట తాను కరిగే గుణం లేదు. ఒక చోట ఫలించింది కదా అని ఇక్కడికీ తెచ్చి అతికించకండి.

ఎవరూ పరీక్షించి చూడలేదా అంటే, చూశారు. అమెరికాలో నికొలస్ గొంజాలెజ్ అనే డాక్టర్ సరిగ్గా ఈ క్లోమం క్యాన్సర్‌కే ఎంజైమ్ మాత్రలు, ప్రత్యేక ఆహారం, కాఫీతో ఎనీమాలు ఇచ్చి వైద్యం చేసేవారు. దాన్ని కొట్టిపారేయకుండా న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు కీమోథెరపీతో పోల్చి చూశారు. ఆపరేషన్‌కు వీలుకాని 55 మంది, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకున్నారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. కీమో తీసుకున్న 23 మందిలో సగం మంది 14 నెలలు దాటి బతికారు. ఎంజైముల దారిలో వెళ్లిన 32 మందిలో సగం మంది 4.3 నెలల్లోపే పోయారు. నొప్పి, నీరసం లాంటి బాధలు కూడా కీమో వాళ్లకే తక్కువ. ఈ చివరి మాట మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి, కీమో అంటే నరకమనీ పసరు అంటే ప్రశాంతమనీ మనవాళ్ల మనసుల్లో నాటుకుపోయింది.

ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ పేరు మీరు వినే ఉంటారు. 2003లో ఆయనకు క్లోమంలో గడ్డ బయటపడింది, అదీ నెమ్మదిగా పెరిగే రకం. కోయించుకోనని దాదాపు తొమ్మిది నెలలు శాకాహార పత్యం, మూలికలు, ఆక్యుపంక్చర్ ప్రయత్నించారు. 2004 జులైలో ఆపరేషన్ చేయించుకున్నారు, 2011 అక్టోబరులో 56వ ఏట పోయారు. ఆ ఆలస్యమే ప్రాణం తీసిందని ఎవరూ రుజువు చేయలేరు. కానీ ఆయన తర్వాత బాధపడ్డారని ఆయన జీవిత చరిత్ర రాసిన వాల్టర్ ఐజాక్సన్ చెప్పారు. డబ్బు, డాక్టర్లు, తెలివి, దేనికీ కొదవ లేని మనిషి కూడా మీ నాన్నగారిలాగే భయపడ్డాడు.

ఆపరేషన్ గురించి తియ్యటి మాటలు చెప్పను. విపుల్ ఆపరేషన్ అంటారు. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యరస గొట్టంలో కొంత తీసేసి, మిగిలినవాటిని మళ్లీ పేగుకు కలుపుతారు. అయిదారు గంటలు పడుతుంది, పది పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండాలి, కలిపిన చోట కారడం లాంటి ఇబ్బందులు రావచ్చు. బాగా అలవాటున్న చోట నూటికి అయిదుగురి కంటే తక్కువ మంది ఆపరేషన్ వల్ల చనిపోతారు, అలవాటు లేని చోట ఆ ముప్పు ఎక్కువ. అందుకే ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. తర్వాత ఆరు నెలలు కీమో ఉంటుంది. ఇంతా చేసి అయిదేళ్లు దాటేవాళ్లు నలుగురైదుగురిలో ఒకరు. గడ్డ పైత్యరస గొట్టం పేగులోకి తెరుచుకునే చోట పుట్టినదైతే ఇంతకంటే మెరుగు. అరుదుగా అది క్యాన్సరే కాకుండా వేరే వాపు కూడా అవుతుంది, ఆ సంగతి తేలాలన్నా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఈ వారంలోనే చేయాల్సినవి రాసుకోండి. పత్యం ఈ రోజే ఆపేయండి. ఆయనకు ఇప్పుడు గుడ్డు, పప్పు, పెరుగు, తినగలిగినంత అన్నం కావాలి. చిక్కిపోయిన ఒంటికి కుట్లు సరిగా మానవు. చలితో జ్వరం వస్తే గొట్టంలో ఇన్‌ఫెక్షన్ చేరిందని అర్థం, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ముందు ఆ గొట్టంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి పైత్యరసం దింపుతారు. పళ్ల చిగుళ్ల నుంచి రక్తం వస్తే అది కూడా చెప్పండి, ఈ కామెర్లలో విటమిన్ కె అందక రక్తం తొందరగా గడ్డకట్టదు. రెండో అభిప్రాయం కావాలంటే నిక్షేపంగా తీసుకోండి, తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు కట్టించిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, మీకు వేలూరు ఇంకా దగ్గర. రెండో అభిప్రాయానికి వారం చాలు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు చిన్నాన్న వాళ్లు లేనప్పుడు, రాత్రి భోజనాలయ్యాక, పసరు మాట ఎత్తకుండా "నాయనా, నీకు దేనికి భయమేస్తోంది?" అని అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన నాలుగు రోజులు పసరే పసరు అని పట్టుబట్టి, అయిదో రోజు "ఆపరేషన్ అంటే ఎకరం అమ్మాలి కదా సార్" అన్నాడు. అసలు సంగతి అది. మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు జరుగుతాయి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని మీ కార్డు చూపించి అడగండి.

ప్రశ్న: నిరుడు మా అబ్బాయికి కామెర్లు వస్తే నేల ఉసిరి పసరు మూడు పూటలు పోశాం, మూడు వారాల్లో పూర్తిగా తగ్గింది. కళ్లారా చూసినదాన్ని అబద్ధమంటారా? (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: అబద్ధమని అనను, మీ అబ్బాయికి తగ్గింది. కానీ పిల్లలకు కుర్రాళ్లకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లవి. అవి పసరు పోసినా పోయకపోయినా చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. (గర్భిణులకు ఇ రకం ప్రాణాంతకం, వాళ్లను ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచకండి.) నేల ఉసిరిని డాక్టర్లు పట్టించుకోలేదని అనుకోకండి. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి మీద అది పనిచేస్తోందని లాన్సెట్ పత్రికలో రాస్తే ప్రపంచమంతా ఆశగా చూసింది, చాలా చోట్ల మళ్లీ ప్రయత్నించారు, ఆ ఫలితం రాలేదు. నా గొడవ ఆ మొక్కతో కాదు. అయిదేళ్ల పిల్లవాడి పచ్చకళ్లకూ, అరవై ఏళ్ల మనిషి పచ్చకళ్లకూ ఒకే సీసా ఇవ్వడంతో. నలభై దాటినవాళ్లకు నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి దురద ఉంటే, దాంతోపాటు బరువు తగ్గినా, కొత్తగా షుగర్ బయటపడినా, ముందు అల్ట్రాసౌండ్ తీయించండి. చేతి మీద వాతలు పెట్టించడం మాత్రం ఎవరికీ వద్దు, పిల్లలకైతే అసలే వద్దు.

ప్రశ్న: మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్, ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. డాక్టర్‌కు తెలియకుండా తిప్పతీగ కషాయం, పసుపు మాత్రలు ఇస్తున్నాను. చెబితే తిడతారని భయం. ఆపేయాలా? (ఒక గృహిణి, రేణిగుంట)

జవాబు: ఆపేయండమ్మా, డాక్టర్‌కు చెప్పండి కూడా. తిడితే ఒక నిమిషం పడండి. 2021లో కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని ముంబై డాక్టర్లు రాశారు. కీమో మందులను కూడా చాలావరకు లివరే సర్దుకోవాలి. లివర్ పరీక్షలు తేడాగా వస్తే, కషాయం సంగతి తెలియని డాక్టర్ అది కీమో వల్లేననుకుని మోతాదు తగ్గిస్తాడు, లేదా ఒక విడత కీమో ఆపేస్తాడు. అంటే పనిచేసే మందుకు మీరు ఇచ్చిన మందు అడ్డుపడుతుంది. కూరలో పసుపు ఎప్పటిలాగే వేయండి, దానితో భయం లేదు, గాఢంగా చేసి అమ్మే మాత్రల సంగతే వేరు. పాదరసంతో చేసే రసం మందులు, భస్మాలు అసలు తేవద్దు. అమెరికాలోని బోస్టన్‌లో దుకాణాల నుంచి 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో తేలింది. పచ్చి ఆకుల పసరు ఇంకా ప్రమాదం, కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు ఆకు మీది క్రిములే చాలు. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. 100.4 దాటితే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. మీరు ప్రేమతోనే ఇచ్చారు, దానికి కుమిలిపోవద్దు.

ప్రశ్న: అమ్మకు క్లోమం క్యాన్సర్ లివర్‌కు పాకింది. కీమో రెండుసార్లు ఇచ్చి, తట్టుకోలేకపోతే ఆపేశారు. ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. ఇప్పుడైనా ఆయుర్వేదం వాడితే తప్పా? (ఒక కొడుకు, తిరుపతి)

జవాబు: తప్పేమీ లేదు నాయనా. పై ఉత్తరాలకు రాసినంత గట్టిగా మీకు రాయను, మీ పరిస్థితి వేరు. టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రిలో చదువుకున్న వైద్యులున్నారు. నిద్రకూ, ఆకలికీ, మలబద్ధకానికీ వాళ్లను అడగండి, రిపోర్టులన్నీ చూపించండి. నయం చేస్తానని మాట ఇచ్చేవాడి దగ్గరికి మాత్రం వెళ్లకండి. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారమే నేరం. అలాంటివాళ్లు అడిగే డబ్బు మీ అమ్మ మంచం పక్కన ఖర్చయితే మేలు.

ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్నమాటను వైద్యం అయిపోయింది అన్నట్టు తీసుకోకండి. ఈ జబ్బులో నొప్పి నడుములోకి పాకి మనిషిని పడుకోనివ్వదు. మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి, అలవాటైపోతుందని మానకండి, టైముకు ఇవ్వాలి. మాత్రలకు లొంగకపోతే క్లోమం వెనక నరాల ముడిలోకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి ఉంది. ఇలా బాధ తగ్గించడమే పనిగా చూసే పాలియేటివ్ కేర్ విభాగం ఎక్కడుందో మీ ఆసుపత్రిలోనే అడగండి. కళ్లు మళ్లీ పచ్చబడి దురద వేధిస్తుంటే ఇప్పుడైనా స్టెంట్ వేయొచ్చు. మీ అమ్మకు తన జబ్బు సంగతి ఎంత తెలుసో మీ ఉత్తరంలో లేదు. ఆమె అడిగితే దాచకండి. ఆవకాయ ముద్ద కావాలంటే పెట్టండి, పత్యం పేరుతో చప్పిడి కూడు వద్దు.

ప్రశ్న: విపుల్ ఆపరేషన్ తర్వాత మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ పోతోంది, బరువు పెరగడం లేదు. ఎంజైమ్ క్యాప్సుల్స్ రాశారు గానీ అవి పంది నుంచి తీస్తారని విని మానేశాను. బదులుగా బొప్పాయి మాత్రలు వాడొచ్చా? (ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి)

జవాబు: మాస్టారూ, మీరు విన్నది నిజమే. ఆ క్యాప్సుల్స్ పంది క్లోమం నుంచే తయారవుతాయి. ముందే మీకు చెప్పి ఉండాల్సింది. బొప్పాయి ఎంజైమ్ మాంసకృత్తులను మాత్రమే అరిగిస్తుంది, మీకు అరగనిది కొవ్వు, దానికి అది పనికిరాదు. శిలీంధ్రాల నుంచి తీసిన ఎంజైములు దొరుకుతాయి గానీ అంత బాగా పనిచేయవు. ఆచారం పాటించే నా రోగుల్లో కొందరు దీన్ని మందుగానే భావించి తీసుకున్నారు, ఒకరిద్దరు ఒప్పుకోలేదు, వాళ్లకు కొవ్వు తగ్గించి, ఎ, డి, ఇ, కె విటమిన్లు విడిగా ఇస్తూ నెట్టుకొచ్చాం, బరువు మాత్రం అంతగా పెరగలేదు. ఏది చేయాలో మీ మనసుకే వదిలేస్తున్నాను. తీసుకోవాలనుకుంటే పరగడుపున గానీ, భోజనమంతా అయ్యాక గానీ వద్దు. మొదటి ముద్దతో ఒకటి, సగం భోజనంలో ఇంకొకటి వేసుకోండి. టిఫిన్‌కూ అంతే, పాలు తాగినా అంతే.